‘నా రెండు మనసులూ ఒక మాట మీదికి రావడం లేదు’

భవనాల నమూనాలు గీసే సంస్థలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న 36 ఏళ్ల పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఆనవాళ్లు తీసేసి, కుదించి ఇస్తున్నాను.

తాను గీసిన నమూనాను నలుగురి ముందు వివరించాల్సి వచ్చేసరికి ఆమెకు గొంతు పెగలదు. మొదటి రెండు వాక్యాలు బాగానే వస్తాయి. మూడో వాక్యం దగ్గర నోరు తడారిపోతుంది, నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. పక్కనున్న జూనియర్ అందుకుని మిగతాది పూర్తిచేస్తాడు. నాలుగేళ్లలో ఇలా మూడుసార్లు జరిగింది. అంతకు ముందు ఎన్నడూ లేదు. కాలేజీ రోజుల్లో వక్తృత్వ పోటీల్లో బహుమతులు కూడా వచ్చాయట. నాలుగేళ్ల కిందట ఒక సమావేశంలో ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు తోచక ఆమె తడబడితే, బల్లకు అటు చివర కూర్చున్న పెద్దమనిషి నవ్వాడు. అప్పటి నుంచీ ఇదీ వరస.

ఇప్పుడు ఆమెను విభాగానికి అధిపతిని చేస్తామంటున్నారు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. సహోద్యోగిని ఒకామె సలహా మీద హిప్నోథెరపీకి వెళ్లారు. ‘మీ చేతన మనసు పదవి కావాలంటోంది, సుప్తచేతన వద్దంటోంది. మనసులో చేతన పది శాతమే, తొంభై శాతం సుప్తచేతన. ఆ రెంటినీ ఒక్కటి చేస్తే 21 రోజుల్లో మీరు కొత్త మనిషి’ అన్నారట అక్కడ. పన్నెండు సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకున్నారు.

మొదటి సిట్టింగులో, చాచిన కుడి అరచేతిలో బరువైన పుస్తకం ఉన్నట్టు ఊహించుకోమంటే చేయి దానంతట అదే కిందికి దిగిపోయింది. అయితే ఎడమ కాలి చెప్పు సగం జారి వేళ్లకు వేలాడుతున్న సంగతి, బయట ఎవరిదో ఫోను మోగుతున్న సంగతి ఆమెకు తెలుస్తూనే ఉన్నాయి. ‘మరి నేను నిజంగా హిప్నాసిస్‌లోకి వెళ్లినట్టా, కాదా?’ అని అడుగుతున్నారు.

మూడో సిట్టింగులో ‘భయం మొదలైన రోజుకు వెళ్లండి’ అన్నారు. కాసేపటికి ‘ఎవరైనా మీ నోరు మూస్తున్నారా?’ అని అడిగారు. చీకటి గది, తన నోటి మీద అక్క చేయి ఆమెకు కనిపించాయి. తనకు అప్పుడు ఆరేళ్లు ఉంటాయనిపించింది. ఆ అక్క ఆమెకన్నా ఎనిమిదేళ్లు పెద్దది. అమ్మ మంచాన పడితే చెల్లెలిని సాకింది ఆవిడే. ఆ రోజు నుంచి అక్క ఫోను చేసినా ఈమె ఎత్తడం లేదు. రెండు నెలల్లో పదకొండు మిస్డ్ కాల్స్. థెరపిస్టేమో దీని మూలం ఇంకా వెనక ఉంది, పూర్వజన్మలోకి వెళ్దాం అంటున్నారు. ‘డబ్బు పోతే పోయింది, మానేయ్’ అని భర్త, ‘సగంలో ఆపితే ఇంకా చెడిపోతావు’ అని సహోద్యోగిని. ఉత్తరం చివర మూడు ప్రశ్నలు: రెండు మనసులను ఒక మాట మీదికి తేవడం హిప్నోథెరపీతో అవుతుందా? ఆ జ్ఞాపకం నిజమేనా, అక్కను నిలదీయాలా? మిగిలిన తొమ్మిది సిట్టింగులకు వెళ్లాలా?

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అక్క దగ్గర ఆగిపోయాను. రెండోసారి నాలుగో పేజీలో, మీరు నడుమ ఇరికించి రాసిన ఒక వాక్యం దగ్గర ఆగాను. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ చేయి, ఆ చెప్పు.

మీరు హిప్నాసిస్‌లోకి వెళ్లారు. చెప్పు జారడం తెలిసిందంటే వెళ్లలేదని కాదు. అదొక నిద్ర అనే అపోహ ఆ పేరుతోనే వచ్చిపడింది. 1840లలో స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ గ్రీకులో నిద్రకున్న మాట తీసుకుని ఆ పేరు పెట్టాడు. ఇది నిద్ర కాదు, ఒకే తలపు మీద మనసు నిలిచిపోవడం అని గ్రహించి తర్వాత తనే పేరు మార్చాలని చూశాడు గానీ అప్పటికే మొదటిది జనం నోళ్లలో పడిపోయింది. మనం ‘సుప్తచేతన’ అంటూ అక్కడా నిద్రనే తెచ్చిపెట్టుకున్నాం. హిప్నాసిస్‌లో ఉన్న మనిషికి మాటలు వినిపిస్తాయి, ఒళ్లు తెలుస్తుంది, కావాలనుకుంటే లేచి వెళ్లిపోవచ్చు కూడా. ధ్యాస ఒకచోట కుదురుకుని, సూచనగా చెప్పిన మాట అనుభవంగా మారడం సులువవుతుంది. అంతే జరిగేది.

చేయి దిగిపోవడం మీ సుప్తచేతన లొంగిపోయిందనడానికి గుర్తు కాదు. హిప్నాసిస్‌కు ఎవరు ఎంతగా స్పందిస్తారో కొలవడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1959 నుంచి తయారుచేస్తూ వచ్చిన పరీక్షల్లో ఈ బరువు ఊహ కూడా ఉంది. అది తేలికైన అంశం, ఎక్కువ మంది చేయి దిగుతుంది. లేని ఈగ చెవి దగ్గర రొద పెట్టడం, జరిగింది మరిచిపోవడం లాంటి కష్టమైన అంశాల దగ్గరికి వచ్చేసరికి స్పందించేవారు బాగా తగ్గిపోతారు. ఈ గుణం మనిషి మనిషికీ మారుతుంది గానీ, అదే మనిషిలో ఏళ్లు గడిచినా పెద్దగా మారదు. పాతికేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించినా ఇంచుమించు అవే ఫలితాలు వచ్చాయి. హిప్నాసిస్ మీ విషయంలో పనికిరావచ్చునని మాత్రమే మీ చేయి చెబుతోంది. ఎందుకు పనికివస్తుందన్నది వేరే ప్రశ్న.

ఇక పది శాతం, తొంభై శాతం. అది ఎవరూ కొలిచి చెప్పిన లెక్క కాదు. మనసును కొలిచే తూకంరాళ్లు ఇంకా తయారుకాలేదు. ‘సుప్తచేతన’ అన్న భావనను ప్రచారంలోకి తెచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన మనస్తత్వవేత్త పియర్ జానే. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్‌కు ఆ మాట గిట్టేది కాదు, ‘అచేతన’ అనేవాడు. ఆయన కూడా మొదట్లో హిప్నాసిస్ వాడి, తర్వాత పక్కన పెట్టేశాడు. ఈ పేర్ల తగవు మనకు అక్కర్లేదు. మనం గమనించకుండానే జరిగిపోయే పనులు మనసులో బోలెడు ఉంటాయన్నది ఎవరూ కాదనరు. కానీ అవన్నీ కలిసి నేలమాళిగలో అలిగి కూర్చున్న మరో మనిషి అనీ, ఆ మనిషిని బుజ్జగించి పైకి తీసుకొస్తే మీతో ఒక మాట మీదికి వస్తుందనీ అనుకోవడం దగ్గరే నాకు పేచీ. వినడానికి బాగుంటుంది. కానీ అలా అనుకున్న క్షణం నుంచి మీరు మీతోనే తగవుకు దిగినట్టు.

మీ గొంతు దగ్గర జరుగుతున్నది నాకు ఇలా కనిపిస్తోంది. నాలుగేళ్ల కిందట ఒకాయన నవ్వాడు. తర్వాతి సమావేశంలో, నవ్వు వచ్చిన ఆ ఘట్టానికి చేరేసరికి ఒళ్లు ముందే బిగుసుకుంది. జూనియర్ అందుకున్నాడు. ఆ క్షణంలో మీకు ఎలా అనిపించింది? ‘సిగ్గుతో చచ్చిపోయాను, కానీ గుండె మీంచి బండ దించినట్టూ ఉంది’ అని మీరే రాశారు. బండ దిగిన ఆ హాయే పాఠం నేర్పింది. గొంతు మూసుకుంటే గండం తప్పుతుందని ఒంటికి ఒకసారి తెలిశాక, రెండోసారి అది ఇంకా తొందరగా మూసుకుంటుంది. భయం నుంచి తప్పించుకున్న ప్రతిసారీ భయం బలపడుతుంది. మనస్తత్వశాస్త్రంలో ఇంత గట్టిగా నిలబడిన సంగతులు ఎక్కువ లేవు. దీనికి ఆరేళ్ల వయసులోని చీకటి గది అక్కర్లేదు. ఆ గదే కారణమైతే వక్తృత్వ పోటీల్లో బహుమతులు ఎలా వచ్చాయి? ఈ ప్రశ్న మీ థెరపిస్టు అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు నాలుగో పేజీ. ‘అధిపతినైతే వారంలో మూడు రోజులు సమావేశాలే, ఇక నమూనాలు గీసేది వేరేవాళ్లు. నిజానికి మెట్ల మలుపు ఎక్కడ తిప్పాలా అని రోజంతా కొట్టుకునే ఆ పనే నాకు ప్రాణం’ అని రాసి, మరుసటి వాక్యంలో మళ్లీ భయం గురించి మొదలుపెట్టారు.

సుప్తచేతన వద్దంటోందని చెప్పి పన్నెండు సిట్టింగులు వెతకబోయిన మాట, పట్టపగలు మీ చేతిరాతలో నాకు దొరికింది! దీన్ని లోలోపలి ప్రతిఘటన అనడానికి నాకు మనసొప్పడం లేదు. ఇష్టమైన పని పోతుందన్న దిగులు ఇది, చాలా సబబైన దిగులు. మీలో రెండు మనసులు ఉన్నాయో లేవో గానీ రెండు కోరికలైతే ఉన్నాయి: గుర్తింపు కావాలి, గీసే పని పోకూడదు. గొంతు భయం ఈ రెంటికీ అడ్డం వచ్చి నిలబడింది. అదున్నంతకాలం ‘నాకు పదవి వద్దు’ అని మీరు నోరు తెరిచి చెప్పాల్సిన అవసరం రాదు చూడండి. భయమే ఆ మాట చెప్పిపెడుతోంది. ఇది నా ఊహ మాత్రమే, తప్పయితే కొట్టిపారేయండి.

భయం, పదవి రెండు వేర్వేరు ముళ్లు. ఒకేసారి విప్పబోతే రెండూ బిగుస్తాయి.

మొదట భయం సంగతి. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఇప్పుడున్న చోటే కొనసాగడం ఒకటి. డబ్బు కట్టేశారు కాబట్టి వెళ్లాలనుకుంటే మాత్రం వెళ్లకండి; పోయింది పోయిందే, మిగిలిన తొమ్మిది గంటలు మీవి. వెళ్తే షరతులతో వెళ్లండి. వెనక్కి తీసుకెళ్లడాలు వద్దు, బాల్యం వద్దు, పూర్వజన్మ అసలే వద్దు, సమావేశాన్ని సాధన చేయించడానికే సిట్టింగులు వాడతారా అని అడగండి. చదువు ఏమిటని కూడా అడగండి. చాలా దేశాల్లో హిప్నోథెరపిస్టు అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, కొద్ది వారాల కోర్సు చేసినా సరే. ఈ ప్రశ్నలకు ఆ మనిషి చిరాకు పడితే మీకు జవాబు దొరికినట్టే. ఒప్పుకుంటే కొంత మేలు జరగవచ్చు. కానీ ఒకసారి నోరు మూసిన చేతులను వెతికినవారు మళ్లీ వెతకకుండా ఉండగలరా అన్న అనుమానం నాకుంది.

రెండోది క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లడం. నలుగురిలో మాట్లాడే భయానికి బాగా నిలబడిన చికిత్స మెట్టు మెట్టుగా ఆ భయంలోకి నడవడమే. కొందరు సైకాలజిస్టులు అందులో హిప్నాసిస్‌ను పనిముట్టుగా వాడతారు, అలాంటివారు దొరికితే మీ చేతికున్న గుణం వృథా కాదు. హిప్నాసిస్‌ను నేను తీసిపారేయడం లేదు. మొండి పేగు జబ్బు ఐబీఎస్‌లో అది పనిచేస్తుందని 1984లో మాంచెస్టర్ వైద్యుడు పీటర్ వోర్వెల్ బృందం చూపించాక దాని మీద చాలా పరిశోధన జరిగింది. చికిత్సల సమయంలో నొప్పినీ ఆందోళననూ తగ్గించడంలోనూ దానికి మంచి పేరే ఉంది. సిగరెట్ మాన్పించడంలో మాత్రం మిగతా పద్ధతులకన్నా మెరుగని గట్టిగా తేలలేదు. అది పనిచేసే చోట పనిచేస్తుంది. మనసు లోపలి నిజాలు తవ్వితీసే గునపం మాత్రం కాదు. ఈ దారిలో నష్టమల్లా, ఇది కష్టంగా ఉంటుంది. కళ్లు మూసుకుని కుర్చీలో వాలితే సరిపోదు, వణుకుతూనే మాట్లాడాలి.

మూడోది మీరే సాధన చేసుకోవడం. మీ థెరపిస్టు ఇచ్చిన రికార్డింగులో ‘నేను ధైర్యవంతురాలిని, నాకు భయం లేదు’ అని ఉందన్నారు. అది వింటుంటే లోపలి నుంచి ‘అబద్ధం’ అన్న గొంతు వినిపిస్తోందన్నారు. వినిపిస్తుంది మరి! వందేళ్ల కిందట స్వయం సూచనకు పేరుపడ్డ ఫ్రాన్స్ మందుల దుకాణదారు ఎమిల్ కూయే ఒక పలక ఉదాహరణ చెప్పేవాడు. నేల మీద పరిచిన చెక్క పలక మీద ఎవరైనా నడుస్తారు. అదే పలకను గోపురమంత ఎత్తున వేస్తే రెండడుగులు వేయలేరు. పలక మారలేదు, పడిపోతామన్న ఊహ మారింది. సంకల్పానికీ ఊహకూ పోటీ వస్తే గెలిచేది ఊహే అనేవాడాయన. మీ రికార్డింగు సంకల్పంతో మాట్లాడుతోంది, మీ గొంతు ఊహ మాట వింటోంది.

కాబట్టి ఊహను సాధన చేయించండి. చప్పట్లను ఊహించుకోవద్దు, అందరూ ఆ పొరపాటే చేస్తారు. కళ్లు మూసుకుని, నాలుగైదు నిమిషాలు ఊపిరి మీద ధ్యాస పెట్టి, ఒళ్లు సడలాక ఆ గదిలోకి వెళ్లండి. బల్ల మీద మీ నమూనా పరిచి ఉంది. మీ చూపుడు వేలు మెట్ల మలుపు మీద ఉంది. రెండు వాక్యాలు చెప్పారు. మూడో వాక్యం దగ్గర గొంతు పట్టేసింది, పట్టెయ్యనివ్వండి. జూనియర్ వైపు చూడకుండా వేలు అక్కడే ఉంచండి. ఒక గుక్క నీళ్లు తాగండి. మూడు, నాలుగు, అయిదు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత వేలి కింద ఉన్నదేమిటో చెప్పండి: ‘ఇక్కడ మెట్లు ఎడమకు తిరుగుతాయి.’ అంతవరకే. ఇది ఊహలో కుదిరాక నిజంగా చేయండి. ముందు ఖాళీ గదిలో గొంతెత్తి, తర్వాత జూనియర్ ఒక్కడి ముందు, తర్వాత ముగ్గురి ముందు. మీకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి కావాలనే అడగమని అతనికి చెప్పండి. ‘దీనికి ఇప్పుడు నా దగ్గర జవాబు లేదు, రేపటికి చూసి చెబుతాను’ అన్న వాక్యం నోటికి అలవాటు కావాలి. ఆ రోజు నవ్విన పెద్దమనిషికి మీరు ఇవ్వలేకపోయిన జవాబు అదే.

21 రోజుల్లో అవుతుందా? ఆ అంకె 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ తన రోగులను గమనించి రాసిన మాట నుంచి ఆ నోటా ఈ నోటా పాకి వచ్చింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం నిజంగా లెక్కగడితే, చిన్న అలవాటు కుదురుకోవడానికి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేలింది; మధ్యస్థంగా 66. అందువల్ల 22వ రోజున గొంతు పట్టేస్తే మీలో లోపం ఉందనుకోకండి. ఒకవేళ సమావేశాల్లోనే కాక మామూలుగా మింగేటప్పుడు కూడా గొంతు పట్టేస్తున్నా, గుండె దడ వేరేచోట్ల కూడా వస్తున్నా ముందు వైద్యుడికి చూపించండి.

ఇక అక్క విషయం. దీని దగ్గర నేను తొందరపడదలచుకోలేదు.

మీరు చూసింది అబద్ధమని నేను అనలేను. నిజమనీ అనలేను. హిప్నాసిస్‌లో కనిపించింది కాబట్టి నిజమే అయి ఉంటుందని మాత్రం ఎవరూ అనకూడదు. హిప్నాసిస్‌తో తెప్పించిన జ్ఞాపకాలు మామూలు జ్ఞాపకాలకన్నా నమ్మదగినవి కావని అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌కు చెందిన నిపుణుల మండలి 1985లోనే తేల్చింది. చిక్కేమిటంటే, నిజం పెరగకపోయినా నమ్మకం మాత్రం పెరుగుతుంది. హిప్నాసిస్ కూడా లేకుండా, ఉత్త మాటలతోనే ఇది జరుగుతుందని అమెరికా మనస్తత్వవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో చూపించింది. అయిదేళ్ల వయసులో మీరు ఒక పెద్ద దుకాణ సముదాయంలో తప్పిపోయారని, జరగని కథను జరిగినవాటితో కలిపి 24 మందికి చెబితే, సుమారు నాలుగో వంతు మందికి అది కొంతో గొప్పో ‘గుర్తుకొచ్చింది’. మిమ్మల్నేమో ‘ఎవరైనా నోరు మూస్తున్నారా?’ అని అడిగారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, నోరు అన్నాక చేయి కావాలి, చేయి అన్నాక మనిషి కావాలి. ఆరేళ్ల పిల్ల చుట్టూ రోజంతా ఉన్న మనిషి ఎవరు? అక్క.

పూర్వజన్మ గురించి ఒక్క మాట. కెనడా పరిశోధకుడు నికొలస్ స్పానోస్ బృందం 1991లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాత కాలంలో పిల్లలను హింసించడం మామూలేనని ముందుగా విన్నవారు తమ ‘పూర్వజన్మ’ల్లో హింసను ఎక్కువగా చూశారు. ఎవరి నమ్మకాలు వారివి. కర్మ సిద్ధాంతంతో నాకిక్కడ తగవు లేదు. కానీ ఇప్పటికే ఒక దృశ్యం మీ రెండు నెలలు తినేసింది. రెండోది ఎందుకు తెచ్చుకోవాలి?

అక్కతో ఏం చేయాలి? నిలదీస్తే ఆవిడ నిజంగా నోరు మూసి ఉంటే ఏడ్చి ఒప్పుకోవచ్చు, దాగుడుమూతల్లో మూశానని నవ్వేయవచ్చు, లేదా అసలు జరగనిదానికి జీవితాంతం సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు. మీరు ఈ మూడింటిలో ఏది విన్నా పూర్తిగా నమ్మలేరు, అదీ ఇందులో కష్టం. అసలు అడగకుండా మనసులో పెట్టుకుని ఫోను ఎత్తితే, ప్రతి మాటలో ఆ చేయి వెతుకుతారు. నడిమి దారి ఒకటుంది: ఆ దృశ్యం ప్రస్తావన తేకుండా, చిన్నప్పటి ఇంటి గురించి మామూలుగా అడగడం. ‘అమ్మ బాగాలేనప్పుడు మనం ఏ గదిలో పడుకునేవాళ్లం?’ లాంటివి. జవాబు రావడానికి కొంత కాలం పట్టవచ్చు, అసలు రాకపోవచ్చు. ఒకటి మాత్రం మీరే తేల్చుకోవాలి: ఆ మూడో సిట్టింగుకు ముందు ఎప్పుడైనా అక్క చేతిలో నలిగిన జ్ఞాపకం మీకు ఉందా? ఉంటే ఇదంతా వేరే మాట. అప్పుడు సైకాలజిస్టుతో దాని గురించే మాట్లాడండి, తొందరపడి అక్కతో కాదు. ఉత్తరంలో నాకైతే అలాంటిది కనిపించలేదు. జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా మీ పక్కన కూర్చున్న అక్కే కనిపించింది.

పదవి గురించి నెలాఖరులోగా చెప్పాలి కదా. భయం తగ్గాక చెబుతానంటే కుదరదు, అది అంత తొందరగా తగ్గదు. భయం లేదనే అనుకుని, ఒక కాగితం మీద ఆ ఉద్యోగంలో ఒక వారం ఎలా గడుస్తుందో రాసి చూడండి, సోమవారం నుంచి. చదివాక ఉత్సాహం వస్తే సరే అని చెప్పి, మొదటి మూడు నెలలు పెద్ద సమావేశాల్లో తోడు ఒకరు కావాలని అడగండి. అది అడగడం తప్పేమీ కాదు. నీరసం వస్తే, గీసే పని వదలనని చెప్పి, ఆ పనిలోనే పై హోదా ఉందేమో అడగండి. దాని వల్ల ఆదాయంలో, మాట చెల్లుబాటులో కొంత వదులుకోవాల్సి రావచ్చు. మీ జూనియరే రేపు మీకు పైవాడు కావచ్చు. అది భరించగలరా అన్నది కాగితం మీద రాయాల్సిన రెండో విషయం. వద్దనుకున్నా మాట్లాడే సాధన మానకండి. గొంతు పెగలక వద్దనడం వేరు, గొంతెత్తి వద్దనడం వేరు.

ఈ పనులన్నిటికన్నా ముందు ఒకటి చేయండి. అక్క పన్నెండోసారి ఫోను చేసేదాకా ఆగకుండా మీరే చేయండి. చీకటి గది సంగతి ఈ ఒక్కసారికి పక్కన పెట్టి, ఎందుకు చేస్తున్నావని అడగండి. రెండు నెలల్లో పదకొండుసార్లు చేసిందంటే ఆవిడ దగ్గర చెప్పుకోవాల్సింది ఏదో ఉండి ఉంటుంది.